మేము అడగొద్దనుకున్న ప్రశ్న

నాది నోటి దురుసు. మనసులో ఏదుంటే అది మొహం మీదే అనేస్తానని మా ఇంట్లో పేరు. ఆ పేరు చూసుకుని నేను కాస్త గర్వపడేదాన్ని కూడా. ఈ ఒక్క సంగతి చెప్పడానికి మాత్రం నాకు ఇన్నేళ్లు పట్టింది.

అరవైలలో పంతులమ్మ శిక్షణ కోసం పాలమూరులో ఉన్నాను. మాది నల్లగొండ జిల్లా, తిరుమలగిరి దగ్గర పల్లె. నాతో చదివే ఒక పిల్లది కోస్గి వైపు. ఇద్దరం కలిసి ఒక అర్ర కిరాయికి తీసుకున్నాం. ఆమె నాకంటే ఏడాది చిన్న, నిదానస్తురాలు. నేను పది మాటలంటే ఆమె ఒకటి అనేది. మొదటి నెలంతా మా మధ్య ఉప్పు, కిరసనాయిలు, పాఠాలు తప్ప వేరే ముచ్చట లేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం చేట ముందేసుకుని బియ్యంలో రాళ్లు ఏరుతున్నాం. ఆమె తలెత్తకుండానే అడిగింది.

“నీకు యాదికున్నవాట్ల అన్నిటికన్న మొదటిది ఏంది?”

నన్ను అప్పటిదాకా ఎవరూ అలాంటిది అడగలేదు. మీ నాయిన ఏం చేస్తడు, ఎన్నెకరాలున్నయి, లగ్గమెప్పుడు, ఇవే అడిగేవారు. చాలాసేపు ఆలోచించి చెప్పాను. మా అవ్వ, అంటే నాయినమ్మ, నన్ను వీపున కట్టుకుని జొన్నచేను గట్టు మీద నడుస్తోంది, ఆమె మెడ మీద చెమట నా బుగ్గకు అంటుకుంటోంది. అంతే గుర్తు.

“మరి నీకు?” అన్నాను.

“మా నాయిన ఎక్కడనో కట్ట కట్టేకాడ మట్టిపనికి పోయిండు. ఆరు నెలలకు వచ్చిండు. నేను గుర్తుపట్టక ఏడ్చిన. నన్ను చూసి ఆయన ఏడ్చిండు. గదే మొదటిది.”

ఆ పూట అన్నం చల్లారిపోయేదాకా మాట్లాడుకున్నాం. ఇక ప్రతి ఆదివారం అదే పని. ఒకరికి ఒక ప్రశ్న. కట్టుబాట్లు కూడా పెట్టుకున్నాం. అబద్ధం చెప్పొద్దు. చెప్పలేకపోతే “వచ్చేవారం” అనాలి. మూడోది నేను పెట్టాను. “మీరేమోళ్లు?” అని మాత్రం అడగొద్దు. మా దిక్కు బస్సులో పక్కన కూర్చున్న మనిషి కూడా ముందు అడిగేది అదే. కులమేందో తెలిస్తే తప్ప మన చేతి నీళ్లు తాగాలో వద్దో వాళ్లకు తేలదు.

“మనకెందుకే గా ముచ్చట,” అన్నాను. ఆమె నా మొహంలోకి ఒకసారి చూసి, “సరే, నీ ఇష్టం,” అంది. అబ్బో, నాది ఎంత పెద్ద మనసో అని ఆ రోజంతా నాలో నేనే మురిసిపోయాను.

నిజానికి నాకు తెలుసు. ఆమె తినే ముందు రెప్పపాటు కళ్లు మూసుకునేది. పెట్టెలో బట్టల అడుగున నల్ల అట్ట పుస్తకం ఉండేది. తన ఊరి సంగతి చెప్పేటప్పుడు “మా వాడ” అనేది, ఆ వాడ ఊరికి అవతల ఉండేది. ఇంకేం తెలియాలి? అయినా నేను అడగలేదు కదా, తెలియనట్టే లెక్క అని సర్దుకున్నాను.

ఒక ఆదివారం, “ఎవలకు చెప్పనిది నీ దగ్గర ఏమన్న ఉన్నదా?” అని అడిగింది. రెండు వారాలు “వచ్చేవారం” అన్నాను. మూడో వారం చెప్పాను. మా తమ్ముడికి నాలుగేళ్లు. నా పలక పగలగొట్టాడని చెంప మీద గట్టిగా కొట్టాను. వారం తిరగకుండా వాడు జ్వరమొచ్చి పోయాడు. దెబ్బకు, జ్వరానికి సంబంధం లేదని నాకూ తెలుసు. అయినా మా అమ్మకు కూడా ఆ మాట చెప్పలేదు. చెబుతూ ఏడ్చాను. ఆమె ఊరుకో అనలేదు, నీ తప్పు కాదనీ అనలేదు.

“వాడు నవ్వితే ఎట్లుండేటోడు?” అని అడిగింది.

వాడు పోయాక మా ఇంట్లో ఎవరూ వాడి నవ్వు గురించి మాట్లాడలేదు. ఆ పొద్దు చీకటి పడేదాకా వాడి చేష్టలన్నీ చెప్పాను, మధ్యమధ్య నవ్వాను కూడా. ఈ పిల్లను పోగొట్టుకోకూడదని ఆ రోజే అనుకున్నాను.

సెలవులొస్తే మా ఊరికి రమ్మని పట్టుబట్టాను. ఆమె ఒకటికి రెండుసార్లు వద్దంది. నేను వింటేనా! హైదరాబాదులో బస్సు మారాం. ఊరు దగ్గరపడే కొద్దీ నాకు అవ్వే కళ్లలో మెదిలింది. నిజం తెలిస్తే అవ్వ ఆమెను గడప దాటనివ్వదు. అరుగు మీద విస్తరి వేస్తుంది, దోసిట్లోకి పైనుంచి నీళ్లు పోస్తుంది. అది జరిగాక ఈమె నాతో మళ్లీ మాట్లాడుతుందా?

“మా అవ్వ అడుగుతది,” అన్నాను.

“ఏమని?”

“ఎరికే గద. అడిగితే మనోళ్లే అని చెప్పు. రెండు దినాల ముచ్చట.”

ఆమె కిటికీ వైపు తిరిగి కూర్చుంది. “అయితే నీకు ఎరికేనన్నట్టు,” అంది.

“ఎరికే.”

“ఎప్పటి సంది?”

“మొదటి నెల సంది.”

“మరి అడగొద్దని ఎందుకన్నవే?”

“వచ్చేవారం,” అన్నాను నవ్వులాటకు. ఆమె నవ్వలేదు.

“నేనైతే అబద్ధం చెప్ప,” అంది.

మేం పోయేసరికి అవ్వ చెంబుతో నీళ్లు పట్టుకుని వాకిట్లోనే నిలబడి ఉంది. నా తల నిమిరింది. ఆమె వైపు చూసి, “ఎవరోళ్లు బిడ్డా?” అంది. ఆమె మెల్లగా నా వైపు తిరిగింది. ఆ చూపులో కోపం లేదు. నువ్వు చెప్పు, నీ అవ్వే కదా, అన్నట్టుంది.

“మనోళ్లే అవ్వా,” అన్నాను.

ఛీ, నా నోరు పడిపోను. ఎవరి మీదికైనా లేచే నోరు అప్పుడు ఎంత మెత్తగా పలికిందో!

ఆ రెండు రోజులూ అవ్వ ఆమెను విడిచిపెట్టలేదు. తలకు నూనె పెట్టి దువ్వింది. వంటింట్లో తన పక్కన పీట వేసి పెరుగన్నం పెట్టింది. “గీ పిల్ల బంగారం. నీ లెక్క నోరేసుకొని పడదు,” అని నన్ను దెప్పింది. అవ్వ పెట్టినవన్నీ ఆమె తిన్నది. తినే ముందు మాత్రం కళ్లు మూసుకోలేదు.

పాలమూరు తిరిగొచ్చాక ఆదివారం చేట ముందు కూర్చున్నాం. “కోపమొచ్చిందా?” అని అడిగాను. “ఈసారి బియ్యంల రాళ్లు శానున్నయి,” అంది. మళ్లీ ఉప్పు, కిరసనాయిలు, పాఠాల దగ్గరికి వచ్చిపడ్డాం. ఒకే అర్ర, ఒకే పొయ్యి. ఆమె నన్ను ఏమీ అడిగేది కాదు. నాకు పిచ్చి పట్టినట్టుండేది.

బతుకమ్మ ముందర మా నాయిన నన్ను చూడడానికి వచ్చాడు. అవ్వ మలీద ముద్దలు చేసి పంపింది, రొట్టె నలిపి బెల్లం కలిపి. అందులో చిన్న మూట వేరే కట్టి, అది ఆ పిల్లకని మరీ మరీ చెప్పిందట. నాకు ప్రాణం లేచొచ్చింది. నాయిన పోగానే మూట ఆమె ముందు పెట్టాను.

“ఇవి నాకు పంపినయి కావు,” అంది.

“నీకేనే! అవ్వ యాది పెట్టుకొని—”

“మీ అవ్వ మీవోళ్ల పిల్లకు పంపింది. గా పిల్ల ఎక్కడున్నదో నీకే ఎరుక.”

గొంతు పెంచి అనలేదు. నేనే గొంతు పెంచాను. “నిజం చెప్తే నిన్ను అరుగు మీద కూసోబెట్టేది! దోసిట్ల నీళ్లు పోసేది! నేను గది చూడగల్గుతనా?”

“పోస్తే తాగేదాన్ని,” అంది. “గసువంటియి నాకు కొత్త కాదు. అరుగు మీద పెడితే అరుగు మీదనే తినేదాన్ని. నువ్వొచ్చి నా పక్కన కూసుంటవనుకున్న.”

 ఆనాడు ఊరికి పోయే బస్సులో దారి పొడుగునా ఎన్నో ఆలోచించాను. అవ్వ ఏమంటుందో, ఊరేమనుకుంటుందో, ఈమె ఎంత బాధపడుతుందో. నా విస్తరి కూడా తీసుకుని అరుగు మీదికి పోవచ్చని నాకు తట్టనే లేదు.