అమ్మ చేతి వంకర కుట్టు

మా హిసాయో గీత గీసినట్టు కుడుతుంది. ఆ చేతికి డబ్బిచ్చి మరీ వంకరగా కుట్టించుకునే ఊరు మాది. తలుచుకుంటే నాకు కంపరం పుడుతుంది.

స్టేషన్ వీధి చివర నాది ఊరగాయల దుకాణం. గోడకి అవతల గది హిసాయోది. ప్యాంట్లు పొట్టి చేయడం, జిప్పులు మార్చడం, అవ్వల కిమోనోలు విప్పి మనవరాళ్ళకి గౌన్లు చేయడం ఆమె పని. ఇద్దరం ఒకే బడిలో చదివాం, ఒకే చలికాలంలో మొగుళ్ళని సాగనంపాం. ఊరగాయలు నానేసే నా తవుడు తొట్ల కంపుని ఇన్నేళ్ళుగా ముక్కు మూసుకోకుండా భరించింది ఆమె ఒక్కతే. అందుకని ఆమె గురించి ఏమన్నా అనే హక్కు నాకుంది, ఇంకొకళ్ళు అంటే ఊరుకోను.

ఏప్రిల్‌లో కిండర్‌గార్టెన్ తెరుస్తారు. ఫిబ్రవరి వచ్చేసరికే ఊళ్ళో తల్లులకి జ్వరం పట్టుకుంటుంది. పిల్లకో సంచీ కావాలి. బొమ్మల పుస్తకం, ఏప్రను, చాపంత డ్రాయింగు కాగితం, అన్నీ పట్టేంత వెడల్పు సంచీ. అంగట్లో కొన్నది పనికిరాదు. బడివాళ్ళిచ్చిన కొలతల ప్రకారం అమ్మే తన చేత్తో కుట్టాలి. ఆ కుట్టులో ప్రేమ ఉంటుందని ప్రిన్సిపాల్ కసుయా గారు ఏటా చేతులు జోడించినంత పని చేసి చెబుతుంది. ఆవిడ సొంత హ్యాండ్‌బ్యాగు మాత్రం పట్నంలో డిపార్ట్‌మెంట్ స్టోరులో కొన్నది. దానిలో ఎవరి ప్రేమ ఉందో నేనింతవరకు అడగలేదు, ఏదో ఒకరోజు అడిగేస్తాను.

తల్లులు సగంమంది డబ్బాల్లో భోజనం సర్దే ఫ్యాక్టరీలో చేస్తారు. ఇంట్లో కుట్టుమిషన్ ఎక్కడిది? హిసాయో దగ్గరికి తిన్నగా వెళ్ళాలంటే సిగ్గు. అందుకని నా దుకాణంలోంచి దూరతారు.

"తొకి గారూ, ముల్లంగి ఊరగాయ ఒకటివ్వండి. వెనక తలుపు తీసే ఉందా?"

తీసే ఉంటుంది. గుడ్డ కోటు కింద దాచుకుని అటు పోతారు. గోడవతల గుసగుసలు నాకు బాగానే వినిపిస్తాయి. ప్రతి ఒక్కరిదీ ఒకటే మాట: "మరీ నీటుగా వద్దండీ. నేను కుట్టినట్టుండాలి."

హిసాయో గోడకి తగిలించిన నమూనా కాగితం తీసి, గుడ్డ మీద పరిచి, కుట్టుకి చోటు వదిలి కత్తిరిస్తుంది. లైనింగు వేసి, పట్టీలు బిగించి, అడుగు మూలలు మడిచి అడ్డంగా కుట్టు వేస్తుంది. సంచీ లేచి నిలబడుతుంది, పిల్లాడు దూరి కూర్చునేంత బాగా. అప్పుడు ఆ కుట్టు విప్పడం మొదలుపెడుతుంది. మొదటే వంకరగా కుట్టమంటే ఆ చేతికి రాదు మరి.

"అదేంటే, బాగున్నదాన్ని విప్పుతున్నావ్?" అన్నాను ఒకసారి, టీ పట్టుకెళ్ళి.

"పాడుచేస్తున్నా. ఇది రెన్ వాళ్ళమ్మది. ఆవిడ తొందర మనిషి, దారం తోకలు వదిలెయ్యాలి. నిన్న వచ్చినావిడ భయస్తురాలు. ఒకేచోట మూడుసార్లు కుడుతుంది."

"ఛీ! వండిన కూరలో ఉమ్మేసినట్టుంది నీ పని."

"ఉమ్మేస్తేనే తింటామంటున్నారు. నన్నేం చెయ్యమంటావ్ తొకీ?"

సంచీతోపాటు ఇంకోటి కూడా అమ్మేది హిసాయో. దారిలో ఎవరైనా "ఇది మీ పనే కదండీ" అంటే నడుం వంచి, "నేను కుట్టలేదండీ, పక్కన కూర్చుని చూపించానంతే" అనేది. ఆ మాట కూడా బేరంలో భాగమే. ఊరంతా అందరి సంచీలూ హిసాయోవే అనుకునేది. అయినా ఎవరికి వాళ్ళు తామే కుట్టామనేవాళ్ళు, బడివాళ్ళతో సహా అంతా నమ్మినట్టు తలూపేవాళ్ళు. ఇంత రోత నాటకం ఇంకెక్కడైనా ఉంటే చెప్పండి.

ఇక చిహారు సంగతి. హిసాయో కోడలు. ఆ పిల్ల చేత్తో సూది పట్టి ఎరగదు. గుండీ ఊడినా అత్తగారే. "అత్త కుట్టింది కడుతుంది, అత్త వండింది తింటుంది, బిడ్డని కనడం ఒక్కటే సొంతంగా చేసింది" అని వీధిలో నవ్వేవాళ్ళు. చిన్నప్పుడు వాళ్ళమ్మ బార్‌లో పనిచేసేదట. తీరిక లేక అంగడి సంచీ కొనిచ్చి పంపింది. టీచరు దాన్ని అందరి ముందూ పక్కన పెట్టిందట. తన కూతురు ఉతా బడికి వెళ్ళే ఏడు వచ్చేసరికి చిహారుకి ఆ మంట మళ్ళీ రగిలింది.

"ఉతా సంచీ నేను చిటికెలో కుట్టేస్తానే," అంది హిసాయో.

"వద్దత్తయ్యా. నేనే కుడతానని దానికి మాటిచ్చాను. ఆ నమూనా కాగితం ఇవ్వండి చాలు. పక్కన కూర్చుని చూపించనూ వద్దు."

హిసాయో మిషన్ అప్పగించి నా దుకాణంలోకి వచ్చి కూర్చుంది. గోడవతల సూది విరిగిన చప్పుడు వినిపించినప్పుడల్లా లేవబోయేది, నేను చెయ్యి పట్టి లాగి కూర్చోబెట్టేదాన్ని. పాపం ఆ పిల్ల ఫ్యాక్టరీనుంచి వచ్చి, స్నానమైనా చేయకుండా కూర్చునేది. వేళ్ళన్నీ ప్లాస్టర్లే.

పూర్తయిన సంచీ తెచ్చి చూపించింది. పట్టీలు ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. అదేం పెద్ద సంగతి కాదు. గుడ్డ మీద కుందేళ్ళ బొమ్మలున్నాయి. అడుగున కత్తిరించకుండా గుడ్డని ఒకే ముక్కగా మడిచి కుట్టేసింది. దాంతో ఒకవైపు కుందేళ్ళు బుద్ధిగా నిలబడ్డాయి, రెండోవైపు తలకిందులయ్యాయి. హిసాయో నోరు తెరిచింది. నేను తొడపాశం పెట్టాను.

ఉతా మాత్రం ఎగిరి గంతేసింది. "అమ్మా, ఇటు కుందేళ్ళు పిల్లిమొగ్గలేస్తున్నాయే!"

చిహారు అంత గట్టిగా నవ్వడం నేనదే మొదటిసారి చూడటం. మర్నాడు పొద్దున కూడా ఆ సంచీని ఎత్తి వెలుగులో పెట్టి చూసుకుంటోంది, వేరెవరో బహుమతిగా ఇచ్చినట్టు.

బడిలో చేర్చే రోజు దుకాణం మూసేసి నేనూ వెళ్ళాను. వరండాలో కొక్కేలకి సంచీలు వేలాడదీశారు. కసుయా గారు రెన్ సంచీ అందుకుంది.

"చూడండి ఈ వంకర కుట్టు! ఎంత రాత్రయినా నిద్రాపుకుని ఒక అమ్మ పడిన కష్టం ఇందులో కనిపించడం లేదూ?"

రెన్ వాళ్ళమ్మ రుమాలుతో కళ్ళొత్తుకుంది. ఆ కుట్టు హిసాయో విప్పి పాడుచేస్తుంటే పక్కనే టీ తాగింది నేను. నిజంగా కన్నీళ్ళే వచ్చాయి ఆవిడకి, అదీ అసహ్యం. తను కుట్టలేదన్న సంగతి తనే మర్చిపోయింది.

కసుయా గారు అటు కదలగానే, కళ్ళు తుడుచుకున్నావిడ ఉతా సంచీ దగ్గరికి వచ్చింది. అటు తిప్పి ఇటు తిప్పి చూసి, హిసాయో చెవి దగ్గర, అందరికీ వినపడేలా అంది:

"ఎంత పక్షపాతమండీ హిసాయో గారూ! సొంత కోడలికైతే కుందేళ్ళని తలకిందులు చేసి మరీ కుట్టారా? ఇంత అచ్చమైన తప్పు మాకెవరికీ చేసిపెట్టలేదే!"

తల్లులందరూ నోళ్ళకి చేతులడ్డం పెట్టుకుని నవ్వారు.

"నేనే కుట్టానండీ," అంది చిహారు.

"అవునవును. మేం మాత్రం? మేమూ అంతేగా!"

చిహారు అత్త వైపు చూసింది. పుట్టి బుద్ధెరిగాక హిసాయో నలుగురిలో గొంతెత్తడం నేను చూడలేదు. ఆ రోజు ఎత్తింది.

"అది నేను కుట్టలేదండీ."

ఇక చూడండి నవ్వులు! ఇన్నేళ్ళుగా ప్రతి సంచీతోనూ వాళ్ళకి అమ్మిన మాటేగా అది. హిసాయో ఒట్టేసినట్టు మళ్ళీ చెప్పింది, "నిజం, ముట్టుకోనైనా లేదు" అని. "పక్కన కూర్చుని చూపించారంతే కదండీ," అంది వెనకనుంచి ఎవరో. నాకు ఒళ్ళు మండి, "మీ అందరివీ..." అని మొదలుపెట్టబోతే హిసాయో నా కాలు తొక్కింది. చిహారు మొహం చూడలేకపోయాను. ఎర్రబడిందా అంటే కాదు, తెల్లగా పాలిపోయింది.

తర్వాతి సోమవారం ఉతాని దింపడానికి ముగ్గురం వెళ్ళాం. ఉతా చేతిలో కొత్త సంచీ. పక్క స్టేషన్ దగ్గర సూపర్‌మార్కెట్లో కొన్నది. "నాకు పిల్లిమొగ్గల సంచీయే కావాలి" అని దారంతా ఏడుస్తూనే ఉంది పిల్ల. చిహారు వినిపించుకోలేదు.

గేటు దగ్గర టీచరు ఆపింది. "ఉతా వాళ్ళమ్మ గారూ, ఈ సంచీ..."

"కొన్నానండీ," అంది చిహారు, అక్కడున్న తల్లులందరికీ వినపడేలా. "అంగట్లో కొన్నాను. నాకు కుట్టడం చేతకాదు."

టీచరు బెదిరిపోయింది. అటూ ఇటూ చూసింది. అంతలో రెన్ వాళ్ళమ్మ ఉతా దగ్గర వంగి సంచీ మూతి తెరిచి చూసి, కిలకిలా నవ్వింది.

"భలే ఏడిపిస్తారండీ మీరు! లోపల కంపెనీ గుర్తు కూడా కుట్టించారే! హిసాయో గారి చెయ్యి మాకు తెలియదూ?"

"ఓహో, అంతేనా!" అని టీచరు గుండె మీద చెయ్యి వేసుకుంది. "నేను నిజంగానే కొన్నారనుకున్నానండీ. ఎంత శ్రద్ధగా కుట్టారు!" అని, పిల్ల చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయి, సంచీని కొక్కేనికి తగిలించింది.

చిహారు గేటు ఊచలు పట్టుకుని, కొక్కేనికి వేలాడుతున్న ఆ సంచీ వంక చూసింది. తర్వాత హిసాయో వైపు తిరిగింది.

"ఈ ఊళ్ళో నా బిడ్డకి నేనొక సంచీ కుట్టనూ లేను, కొననూ లేను అత్తయ్యా."