రాయి పట్టుకుని కొండ ఎక్కిన చిన్నమ్మ

మా చిన్నమ్మ పోయిందన్న కబురు ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డికి బస్సు డ్రైవరు తెచ్చాడు. యుద్ధం వల్ల పెట్రోలు దొరక్క బస్సులు బొగ్గుల మంటతో నడుస్తున్న రోజులివి. ఆయన మసిచేతులతోనే మా వాకిట్లో నిలబడి, "అమ్మా, మీ చిన్నమ్మ పొద్దుగాల కాలం చేసింది. మూడు దినాల జరమేనట" అన్నాడు. ఆ బస్సులోనే బయలుదేరాను. నేను చేరేసరికి ఆమెను తీసుకుపోయారు. ఆమె భర్త, మా చిన్నబాపు, అరుగు మీద కూచుని ఉన్నాడు. నన్ను చూసి, "నీ కోసమని జరసేపు ఆపిన బిడ్డా. ఇగ ఆగనియ్యలె" అన్నాడు.

ఊళ్ళో ఆమెను మొండిది అనేవారు. నిజమే. ఇవాళ నేను ప్రాణంతో ఉండి ఈ నాలుగు మాటలు రాస్తున్నది ఆ మొండితనం వల్లనే.

నాకప్పుడు ఎనిమిదేళ్ళు. చిన్నమ్మ కూతురికి, అంటే మా చెల్లెకు, అయిదు. మా వైపు వానలు తగ్గగానే చలిజ్వరాలు మొదలయ్యేవి. చెల్లె కంటె ముందు పుట్టిన ఇద్దరు మగపిల్లలను చిన్నమ్మ ఆ జ్వరానికే పోగొట్టుకున్నది. ఆ ఏడు మా ఇద్దరికీ పొట్టలో బల్ల పెరిగి ఎడమ పక్క గట్టిగా ఉబ్బింది. కాళ్ళూ చేతులూ పుల్లల్లా అయ్యాయి. కామారెడ్డి డాక్టరు సాబు మా పొట్టలు నొక్కి చూసి, "మందులిస్త. గని ఇంకో వానకాలం ఈడ ఉంటే తట్టుకోరు. ఎత్తు కొండల మీద, చలి జాగల కొన్ని నెలలు ఉంచుండ్రి" అన్నాడు.

చిన్నబాపు కామారెడ్డి స్టేషనుకూ ఎల్లారెడ్డికీ మధ్య ఒక పాత మోటారు నడిపేవాడు. ఆయన స్నేహితుడొకడు నీలగిరి కొండల్లో తేయాకు తోటలవాళ్ళ దగ్గర డ్రైవరుగా ఉన్నాడు. అక్కడికే పోదామన్నది చిన్నమ్మ.

"గీ బండి తాడ్వాయి దాటంగనే ఉడుకుతది. గంత దూరం పోయి కొండలెక్కుతదా?" అన్నాడు చిన్నబాపు.

"రోజూ ఊరోళ్ళ పిల్లలను మోస్తవు. మన పిల్లలను మొయ్యవా?"

ఆయన లేచిపోయి మోటారు మూత ఎత్తి చూడసాగాడు. మా బాపు మాత్రం ఒప్పుకోలేదు. "నీ బిడ్డను తీస్కపో. మా పిల్ల సంగతి దేవుని దయ. ఇద్దరు రోగపు పిల్లలతోని తొవ్వల ఏమన్నయితే ఎట్ల?" అన్నాడు. చిన్నమ్మ ఎన్నడూ బావ ఎదుట మాట్లాడి ఎరుగదు. ఆ రోజు తలుపు చాటు నుంచే అన్నది: "కారుల ఇద్దరికి జాగున్నది బావా. ఒకదాన్ని ఇడిసిపెట్టి ఒకదాన్ని బతికించుకుంటే, ఆ బతికినదాని మొకం నేనెట్ల చూడాలె?"

బాపు తువ్వాలతో కళ్ళు తుడుచుకుని, నా బట్టల మూట తానే కట్టాడు.

తొమ్మిది రోజుల ప్రయాణం. హైదరాబాదు, కర్నూలు, బెంగుళూరు, మైసూరు. నదులొచ్చిన చోట మోటారును బల్లకట్టు మీద దాటించాం. పూట పూటకూ చిన్నమ్మ చెట్టు కింద మూడు రాళ్ళు పెట్టి మాకు గంజి కాచేది. జ్వరం వచ్చిన గంటలో నేను ఏడిస్తే ఏడవొద్దని అనేది కాదు. "ఏడ్చుకుంట నడిచినా నడకే బిడ్డా" అనేది. ఇంజను వాసన పట్టి నీళ్ళు తగ్గాయని చిన్నబాపు కంటె ముందు చెప్పేది.

మైసూరు దాటి, అడవి దాటి, కొండ మొదలైంది. అంతవరకు మేము చూసినవి మాచారెడ్డి వైపు గుట్టలే. ఇక్కడ కొండ మీద కొండ, దాని మీద ఇంకొకటి. ఒక పక్క గోడలాగా రాయి, ఒక పక్క ఏమీ లేదు. కింద మహావృక్షాలు కొత్తిమీర కట్టల్లా కనిపించాయి. నాలుగో మలుపులో ఇంజను ఆగిపోయింది. బ్రేకు పట్టలేదు. బండి వెనక్కి జారింది. ఎట్లాగో చిన్నబాపు దాన్ని కొండ వైపుకు తిప్పి రాతికి ఆనించాడు.

"ఇగ నాతోని కాదు. దిగిపోదాం" అన్నాడు.

"దిగితే ఏమున్నది? గా జరమేగా" అన్నది చిన్నమ్మ. కొంగు నడుముకు చుట్టి కిందికి దిగింది. రోడ్డు పక్క నుంచి గుమ్మడికాయంత రాయి ఎత్తుకుని వచ్చింది. "నువ్వు ఎక్కియ్యి. ఆగినప్పుడల్ల చక్రం ఎనక నేను రాయి పెడుత."

అట్లా ఎక్కాం. మోటారు పదిగజాలు పోయి ఆగేది. ఆమె ఉరికివచ్చి వెనక చక్రానికి రాయి అడ్డం పెట్టేది. ఇంజను చల్లారాక, నీళ్ళు పోశాక మళ్ళీ కదిలేది. ఆమె మళ్ళీ రాయి ఎత్తుకునేది. వెనక అద్దంలోంచి నేనూ చెల్లె ఆమెనే చూస్తూ కూచున్నాం. ఒకచోట ఆమె మొహం ఒక్కసారిగా తెల్లబోయింది. ఎడమచేతిని కొంగులో దాచింది. నేను పిలవబోతే వద్దని తల ఊపింది. ఆ తర్వాత కూడా ఎన్ని మలుపులో అదే రాయి, ఒక చేత్తో పొట్టకు ఆనించుకుని మోసింది.

పైకి చేరాక చిన్నబాపు కొంగు నిండా నెత్తురు చూశాడు. చిటికెన వేలు చక్రం కింద నలిగింది. "ఎందుకు చెప్పలేదే?" అని అరిచాడు.

"చెప్తే బండి ఆపుతుంటివి."

ఆ డ్రైవరు స్నేహితుని ఇంట్లోనే మూడు నెలలు ఉన్నాం. రెండో నెలలో ఒక పూట చెల్లె పెట్టిన అన్నమంతా తిని, ఇంకా పెట్టమని అడిగింది. చిన్నమ్మ పెట్టి, బయటికి పోయి, చాలాసేపటికి లోపలికి వచ్చింది. తిరిగి వచ్చాక మాకు జ్వరాలు రాలేదని చెప్పను. వచ్చాయి, పోయాయి. కాని తట్టుకునే బలం వచ్చింది. చెల్లె పెళ్ళి చిన్నమ్మ చేతుల మీదుగానే అయింది. నన్ను బతికించానన్న మాట ఆమె నోటి నుంచి నేను ఒక్కసారి కూడా వినలేదు. ఎవరైనా ఆ ప్రయాణం సంగతి ఎత్తితే, "బండి మంచిది, ఎక్కింది" అనేది.

చలిజ్వరం నుంచి మమ్మల్ని లాగిన మనిషిని మూడు రోజుల జ్వరం తీసుకుపోయింది. దీనికి నేను ఏ అర్థమూ చెప్పుకోలేను.

కళ్ళు మూసుకుంటే కనబడేది మాత్రం ఆ కొండ కొసన మేము మోటారు దిగిన సాయంత్రం. వేలికి గుడ్డ చుట్టుకుని ఆమె మా ఇద్దరినీ అంచు దగ్గరికి నడిపించింది. "అగో, మనమెక్కిన తొవ్వ" అని చూపించింది. మేము చూస్తుండగానే కింది నుంచి మబ్బు లేచి, ఆ దారిని కప్పి, మా మీదికి వచ్చింది. ఆమె కొంగును నెత్తురంటని వైపు పరిచి మబ్బును పట్టబోయింది. దగ్గరికి తీసి చూస్తే ఏమీ లేదు, బట్ట తడిసింది అంతే. చిన్నమ్మ ఫక్కున నవ్వింది. ఆ తడి కొంగుతో ముందు నా మొహం తుడిచింది, తర్వాత చెల్లె మొహం, ఆఖరున తన మొహం.