మూసుకునే వాల్

పడవ అడుగున మోచేతుల దాకా చేతులు దూర్చి గాబ్రియేలు జల్లెడ మూత తిప్పుతున్నాడు. ఇంజనును చల్లబరిచే చెరువు నీళ్లు ఆ జల్లెడ దాటే లోపలికి పోవాలి. మూత ఊడదీసి వేళ్లతో దేవితే గుప్పెడు నాచు, పల్లీలు కట్టిన కాగితం ఒకటి వచ్చాయి. అంతే. ఆ మాత్రం చెత్తకు ఇంత పెద్ద ఇంజను ఆగిపోదు.

"కంప్యూటర్ దెచ్చినవు గదరా. దాన్ని సంచిలనే పెట్టి గీ బురదల చేతులేంది?" అన్నాడు ఎల్లం. స్టీరింగు పక్కన కూచుని బీడీ ముట్టించుకుంటున్నాడు.

"నీళ్లు వస్తున్నయా లేదా ముందుగాల జూడాలె ఉస్తాద్. ఆ తర్వాతనే కంప్యూటర్."

"మంచిగనే నేర్పిండు నీకెవడో."

"ఉన్నడులే ఒక ముసలోడు."

ఎల్లం నవ్వాడు గాని ఆ నవ్వు నిలవలేదు. ఒడ్డు మీద జీపు ఆగి ఉంది. జీపులో అమరేందర్ ఫోన్ మాట్లాడుతున్నాడు.

పడవ అమరేందర్‌ది. కుల్చారం దిక్కు భూములున్న కుటుంబం, మెదక్‌లో సగం మందికి తెలిసిన మనిషి. పోచారం చెరువులో జనాన్ని తిప్పడానికి కాకినాడలో ఓ పాత పడవ కొన్నాడు. సముద్రంలో తిరిగిన పడవ, సముద్రం మీద నడిచే డీజిల్ ఇంజను. దానితో పాటే ఒక కాకినాడ డ్రైవర్ కూడా వచ్చాడు. తర్వాత తెలంగాణ ఉద్యమం ఊపందుకుంది. ధర్నా టెంటు కింద మైకు పట్టుకుని అమరేందర్ "మన చెరువు, మన పడవ, మన డ్రైవర్" అన్నాడు. చప్పట్లు మోగాయి. మరునాడు కాకినాడ ఆయనకు శాలువా కప్పి బస్సెక్కించి, తాళంచెవి ఎల్లం చేతిలో పెట్టాడు.

ఎల్లానికి ఆ తాళంచెవి ఊరికే వచ్చిన కొలువు కాదు. ఒకప్పుడు మెదక్ రాందాస్ చౌరస్తాలో ఎల్లం డీజిల్ వర్క్స్ అంటే ఎల్దుర్తి నుంచి, నర్సాపూర్ నుంచి ట్రాక్టర్లు వరసకట్టేవి. బడి తప్పిన గాబ్రియేలు చర్చి వెనక గల్లీ నుంచి వచ్చి పానా పట్టుకోవడం నేర్చింది అక్కడే. ఆ తర్వాత కంపెనీల షోరూములు దిగాయి. కొత్త బండికి వారంటీ అన్నారు, బయట మూత విప్పితే అది పోతుందన్నారు. లోపల చిన్న కంప్యూటర్లున్న ఇంజన్లు వచ్చాయి. ఎల్లం వాటిని ముట్టనని పంతం పట్టాడు. చూస్తుండగానే షెడ్డు మొబైల్ రీచార్జి దుకాణమైంది. గాబ్రియేలు మాత్రం రాణిగంజ్ పోయి, స్పేర్ పార్టుల దుకాణాల వెంట తిరిగి, ఒక పాత ల్యాప్‌టాప్, కేబులు సంపాదించుకున్నాడు. పని తెలిసినవాళ్ల పక్కన కూచుని, వాళ్ల వేళ్లు ఏ మీట మీద పడుతున్నాయో చూసి చూసి నేర్చుకున్నాడు.

ఇప్పుడు సకల జనుల సమ్మె నడుస్తోంది. రోడ్ల మీదనే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. హైదరాబాదు నుంచి కంపెనీ మెకానిక్ రానన్నాడు. అందుకే గాబ్రియేలుకు కబురొచ్చింది.

పోయిన ఆదివారం జనంతో నిండిన పడవ చెరువు నడుమ ఉండగా ఇంజను దానంతట అదే నీరసించింది. ఎంత రేసిచ్చినా ఎత్తుకోలేదు. వానలకు చెరువు నిండి, నీళ్లు అలుగు దాటి కిందికి దూకుతున్నాయి. పడవ మెల్లగా అలుగు వైపు జరిగింది. చేపలు పట్టేవాళ్లు తాడు విసిరి లాగకపోతే ఏమయ్యేదో. ఆ సాయంత్రమే అమరేందర్ అన్నాడు: "తప్పు ఇంజనుదైతే బాగుచేయిస్త. నీదైతే తాళంచెవి ఇచ్చి ఇంటికి పో ఎల్లం."

గాబ్రియేలు చేతులు తుడుచుకుని కేబులు ఇంజను పక్కనున్న సాకెట్లో గుచ్చాడు. ల్యాప్‌టాప్ తెర మీద గీతలు మొదలయ్యాయి. ఒకటి ఇంజను లోపల తిరిగే నీళ్ల వేడి. ఎల్లం పడవను చెరువులోకి నడిపాడు. నిదానంగా పోయినంతసేపు ఆ గీత నేలబారునే పాకింది, ఇంజను ఎంతకూ వేడెక్కలేదు. పూర్తి రేసివ్వగానే గీత నిలువుగా లేచింది. లేచిన కాసేపటికే ఇంజను తనను తాను కాపాడుకోవడానికి శక్తి తగ్గించుకుంది. ఆదివారం జరిగింది ఇదే.

చెరువు నీళ్లు సరిగ్గానే వస్తున్నాయి. పంపు రబ్బరు రెక్కలు బాగున్నాయి. ఆ చెరువు నీళ్లతో లోపలి నీళ్లను చల్లబరిచే కూలర్ గొట్టాల్లో అడ్డు లేదు. వేడి చెప్పే సెన్సార్ అబద్ధమాడుతోందేమోనని వేరే థర్మామీటరు పెట్టి చూశాడు. రెండూ ఒకటే మాట చెప్పాయి. ఇంక మిగిలింది ఒక్కటే. అది ఎవరి చేతి పనో గాబ్రియేలుకు తెలుసు.

"ఉస్తాద్, వాల్ తీసినవా?"

"తియ్యనా మరి? వచ్చిన తెల్లారే తీసిన. గా కాకినాడాయన బస్సెక్కుతు గూడ ముట్టొద్దు ముట్టొద్దని మొత్తుకున్నడు. ఆయనకేమెరుక మన ఎండలు?"

మెదక్‌లో ఏ ట్రాక్టరు వచ్చినా ఎల్లం చేసే మొదటి పని అదే. థర్మోస్టాట్ వాల్ తీసి అవతల పారేయడం. గాబ్రియేలుకు నేర్పిన మొదటి పాఠమూ అదే. ఇంజను వేడెక్కేదాకా కూలర్ దారి మూసి ఉంచేది ఆ వాల్. ఎండలు మండే ఊళ్లో అసలు మూయడమెందుకు, నీళ్లు తిరుగుతూనే ఉండనీ అని ఎల్లం లెక్క. పాత ట్రాక్టర్లకు అది ఎట్లాగో చెల్లింది. ఈ ఇంజనులో వాల్ రెండు పనులు చేస్తుంది. కూలర్ దారి తెరిచినప్పుడే, నీళ్లు కూలర్‌కు పోకుండా తిరిగొచ్చే అడ్డదారిని మూస్తుంది. వాల్ లేకుంటే రెండు దారులూ తెరిచే ఉంటాయి. బరువు పడ్డప్పుడు సగం నీళ్లు చల్లబడకుండానే ఇంజనులోకి తిరిగొస్తాయి. ఇన్నాళ్లు పడవ కొద్దిమందితో నిదానంగా నడిచింది గనుక అది బయటపడలేదు.

వాల్ ఎల్లం పనిముట్ల డబ్బాలోనే ఉంది. ఒడ్డుకొచ్చి, చాయ్ బండి మీద మరిగే నీళ్ల గిన్నెలో దాన్ని దారంతో వేలాడదీశారు. చూస్తుండగానే నోరు తెరుచుకుంది.

"తెరుసుకుంటది, నేను కాదన్ననా? దానికి మూసుకునే బుద్ధి ఉన్నది సూడు, గదే నాకు నచ్చది," అన్నాడు ఎల్లం.

గాబ్రియేలు వాల్ బిగించి, కొత్త గ్యాస్కెట్ వేసి, లోపలి నీళ్లు నింపి గాలి పోగొట్టాడు. మళ్లీ చెరువులోకి పోయారు. ఈసారి గీత నెమ్మదిగా లేచి ఒకచోట నిలబడింది. పూర్తి రేసులోనూ అక్కడి నుంచి కదల్లేదు. అలుగు చప్పుడు వినబడేంత దగ్గరికి పోయి వెనక్కి తిప్పినా ఇంజను ఒక్క తీరుగా పాడింది.

ఎల్లం రేసు తగ్గించి ఇంజను మీద అరచెయ్యి ఆనించాడు, చటుక్కున తీసుకున్నాడు.

"సూడు ఎట్ల కాలుతున్నదో. నేను నడిపినప్పుడు సల్లగ పసిపిల్ల లెక్క ఉంటుండె."

"గంత వేడి ఉండాల్నే ఉస్తాద్. దీనికి గదే మంచిది."

"గీతలు నీకు జెప్పినయి. నాకు చెయ్యి జెప్తది."

ఆ చెయ్యే ఒకప్పుడు పిల్లవాడైన గాబ్రియేలు చేతిని పట్టి ఇంజను మీద పెట్టి, జ్వరమెట్లుంటదో తెలుసుకో అన్నది.

ఎల్లం గొంతు తగ్గించాడు. "అమరేందర్ పటేల్‌కు వైరు ఖరాబైందని చెప్పు. ఆయనేమన్న మూత విప్పి సూస్తడా? ఈ పడవ పోతె నాకింకో పని ఎవడిస్తడు బిడ్డా?"

గాబ్రియేలు ఒప్పుకునేవాడే. వైరు అని చెప్పడానికి నోరు కూడా సిద్ధమైంది. "చెప్త. ఇగ వాల్ ముట్టనని జెప్పు ఉస్తాద్. ఒక్క మాట."

ఎల్లం బీడీ నీళ్లలో పారేశాడు. గాబ్రియేలుకు అబద్ధపు మాట ఇవ్వడం అతనికి చేతకాదు. అందులోనూ ఇంజను గురించి.

"ఎండకాలం రానియ్యి, అప్పుడు జూద్దాం," అన్నాడు.

పడవ ఒడ్డు చేరింది. అమరేందర్ జీపు దిగి వచ్చాడు. "ఏందట గాబ్రేలూ?"

"వాల్ లేకుండ నడిచింది సార్. అందుకే బలం తగ్గింది. ఇప్పుడు ఏసిన. దాన్ని ఎవ్వలు తియ్యొద్దు."

"ఎవలు తీసిండ్రు?"

గాబ్రియేలు వంగి సాకెట్లోంచి కేబులు పీకసాగాడు. ఎల్లమే అన్నాడు, "నేనే పటేలా."

"దసరా సెలవులకు పిల్లలొస్తరు ఎల్లం. గిట్లయితె ఎట్ల?" అమరేందర్ ఫోన్ తీసి నంబర్లు వెతికాడు. "గా కాకినాడాయన నంబరుండె గద ఇండ్ల…"

మన డ్రైవర్ అన్న మాట అతనికి గుర్తున్నట్లు లేదు. ధర్నా టెంటులో ఆ మాటకు చప్పట్లు కొట్టినవాళ్లలో గాబ్రియేలూ ఉన్నాడు.

ఎల్లం పనిముట్ల డబ్బా చంకన పెట్టుకుని పడవ దిగాడు. తాళంచెవి అమరేందర్‌కు ఇవ్వలేదు. గాబ్రియేలు ఎదుట పడవ పలక మీద పెట్టి, రోడ్డు వైపు నడిచాడు. సమ్మెకు బస్సుల్లేవని గుర్తొచ్చినట్టు ఒకసారి ఆగి, మళ్లీ నడిచాడు. "ఆగు ఉస్తాద్, బండి మీద తోల్కపోత," అని గాబ్రియేలు పిలిచినా తిరిగి చూడలేదు.

తాళంచెవికి చిన్న ఎండు సొరకాయ బుర్ర కట్టి ఉంది. నీళ్లలో పడినా మునగకుండా ఎల్లం కట్టుకున్నది. గాబ్రియేలు కేబులు చుట్టి, జల్లెడ మూత మరొక్కసారి బిగువు చూసి, తాళంచెవి తీసుకుపోయి అమరేందర్ చేతిలో పెట్టాడు.

"గీ బుర్ర ఏంది, అడ్డంగ?" అన్నాడు అమరేందర్.

"ఉండనియ్యండ్రి," అన్నాడు గాబ్రియేలు. "అది మంచి పనే."