ఊగే పళ్లెం

భూపాల్‌కు కుదురుగా కూర్చోవడం రాదు. గోదావరిఖనిలోని ఒక భూగర్భ గనిలో పద్దెనిమిదేళ్లుగా అతని పని ఒకటే. బొగ్గు తవ్విన చోటికి ముందుగా వెళ్లి, పొడవాటి కడ్డీతో పైకప్పును తట్టి వినాలి. ఖంగుమంటే గట్టిది. డొల్లగా మోగితే ఆ బండ ఊడుతుంది, కింద మనిషి నిలవకూడదు. ఆ అలవాటు ఇంటికీ వచ్చింది. తలుపైనా, కుండైనా, పుచ్చకాయైనా తట్టి చూడందే నమ్మడు.

కొన్నాళ్లుగా అతని ఫికరంతా ఒక రికార్డు గురించి. నలభై ఏళ్ల కిందట వాళ్లమ్మ లస్మవ్వ కాలనీ ఆడవాళ్లతో కలిసి హైదరాబాదు వెళ్లి ఆ రికార్డు కోసం బతుకమ్మ పాటలు పాడి వచ్చింది. అందులో ఒక చరణం ఆమె ఒక్కతే పాడింది. ఇంట్లో రికార్డు వేసే మిషను లేక ఆ రికార్డు బట్టల పెట్టె అడుగునే ఉండిపోయింది. ఉన్నది అదొక్కటే. సూది జారి గీత పడితే ఆ గొంతు మళ్లీ దొరకదు.

చౌరస్తా వెనక పాత రేడియోలు బాగుచేసే గోపాలరావు దగ్గర రెండు పాత రికార్డు ప్లేయర్లున్నాయి. భూపాల్ రెండింటినీ వేలితో తట్టాడు. ఒకటి గట్టిగా పలికింది. రెండోది డొల్లగా మోగింది, పైన పళ్లెం కూడా ఊగింది.

"గిది వదులైంది సార్. గా గట్టిదియ్యి."

"వదులు కాదయ్యా. లోపల స్ప్రింగుల మీద కూర్చోబెట్టారు. ఊగడానికే చేశారు."

"ఊగేదాని కింద నిలవడొద్దని మందికి నేను చెప్త. నాకే చెప్తున్నరా?"

"నిన్ను దాని కింద నిలబడమన్నానా? సరే, నీకు నచ్చిందే పట్టుకెళ్లు. కుదరకపోతే తెచ్చి మార్చుకో."

భూపాల్ గట్టిగా పలికినదాన్నే తెచ్చుకున్నాడు. ఇంట్లో ముందు పరీక్షకని, అమ్మ రికార్డు తీయకుండా, గోపాలరావు ఊరికే ఇచ్చిన సినిమా పాటల రికార్డు పెట్టాడు. బాగానే పాడింది. భూపాల్ గదిలోకీ వాకిట్లోకీ తిరుగుతూ విన్నాడు.

"ఇగ నాది పెట్టురా," అంది లస్మవ్వ.

"జర ఆగే అవ్వా."

నాలుగైంది. ఊరి పక్కన, నేల పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్టు గనిలో బండలు పేల్చే బ్లాస్టింగు మోగింది. అరలో స్టీలు గ్లాసులు గలగలమన్నాయి. రోజూ జరిగేదే. పుట్టినప్పటి నుంచి వింటున్న మోత కనుక భూపాల్‌కు గుర్తే రాలేదు. సూది ఎగిరి, రికార్డుకు అడ్డంగా కర్రుమని గీసుకుంటూ పోయింది.

భూపాల్ సూది ఎత్తి, రికార్డు మీద పడ్డ గీతను వేలితో తడిమాడు.

"నాది పెట్టకపోతివి, బతికిపోయిన," అంది లస్మవ్వ.

మర్నాడు మొదటి షిఫ్టు దిగగానే, చెవుల వెనక మసి కూడా పోకుండా, మిషను ఎత్తుకుని గోపాలరావు ముందు నిలబడ్డాడు. ఆయన దాన్ని తీసుకుని పక్కన పెట్టాడు. డొల్లగా మోగినదాన్ని సంచిలో పెట్టిచ్చాడు.

"బ్లాస్టింగుకు ఇది తట్టుకుంటుంది. పక్కన నువ్వు కాలుగాలిన పిల్లిలా తిరిగితే మాత్రం తట్టుకోదు. చెప్పలేదనకు."

నాలుగింటికి సినిమా రికార్డు రెండో వైపు తిప్పిపెట్టి, నిలబడి సూదినే చూశాడు. గ్లాసులు మోగాయి. పళ్లెం మెల్లగా ఊగింది. సూది గాడిలోనే ఉంది, పాట ఆగలేదు.

అప్పుడు బట్టల పెట్టె తెరిచాడు. అమ్మ రికార్డు తుడిచి, పెట్టి, సూది దించి, అలవాటుగా వాకిట్లోకి నడవబోయాడు. మిషను కింద ఉన్న, కాళ్లు కుదురులేని చెక్క బల్ల అదిరింది, పాట వణికింది.

"కూసోరా!" అంది లస్మవ్వ. "బాంబుకు ఎగరంది నీ అడుగులకు ఎగిరేటట్టున్నది."

ఉన్నచోటే చతికిలబడ్డాడు. వేళ్లు నేలను తట్టబోతే తొడ కింద పెట్టుకున్నాడు. అందరి గొంతులూ ఆగి ఒక్క గొంతు మొదలైంది. సన్నగా, తొందరతొందరగా ఉంది. చరణం చివర మాట సగంలో తెగి, ఊపిరి తీసుకోవడం కూడా వినిపించింది.

"గీడ దమ్ము సాలలే నాకు," అంటూ లస్మవ్వ ఆ చివరి మాటను ఇప్పుడు పూర్తిగా పాడింది. భూపాల్ కదల్లేదు.