గుడ్డిదీపాల మాస్టారు

ఆకాశం నిండా ధగధగలాడే నక్షత్రాలుండగా, పోయి పోయి కంటికి ఆనని బుల్లి నక్షత్రాలను పట్టుకు వేలాడినందుకు తోటి ఆచార్యులు ఆయనకు గుడ్డిదీపాల మాస్టారని పేరు పెట్టారు. చాటుగా కూడా కాదు, మొహం మీదే పిలిచేవారు. ఆయన చక్కగా పలికేవారు! కాకిపిల్ల కాకికి ముద్దు మరి.

ఆయన దగ్గర పరిశోధనకు చేరిన రోజుల్లో ఆ పేరు వింటేనే ఆయన శిష్యురాలికి ఒళ్ళు మండేది. మేడ మీద చివరి గది వాళ్ళది. ఎండాకాలం కొలిమి, వానాకాలం చెరువు. బల్లకు ఒక కాలు పొట్టి, దాని కింద ఎత్తుకు పెట్టిన నక్షత్రాల పట్టికల పాత పుస్తకం. కిటికీకి చిరిగిన గొడుగుల గుడ్డ కలిపి కుట్టిన నల్ల పరదా. కుట్టింది మాస్టారే, వంకరటింకరగా. ఇక ఆ కంప్యూటర్ ఒక్క లెక్క తేల్చేలోగా ఇద్దరూ టీ తాగడం, పోట్లాడుకోవడం, రాజీపడటం అన్నీ అయిపోయేవి. అంత సుఖంగా ఆమె తర్వాత ఏ ఏసీ గదిలోనూ పనిచెయ్యలేదు.

“పెద్ద నక్షత్రం ముందు నుంచి గ్రహం పోతే ఏనుగు మీద ఈగ వాలినట్టే అమ్మడూ, ఎవడికి కనబడుతుంది?” అనేవారు మాస్టారు. “అదే ఈగ పిల్లి మీద వాలిందనుకో, ఇట్టే పట్టెయ్యొచ్చు. అందుకే నాకు నా గుడ్డిదీపాలు చాలు.”

గ్రహం అడ్డొచ్చినప్పుడు నక్షత్రం వెలుగు పిసరంత తగ్గుతుంది. ఎంత తగ్గిందో పట్టుకోవడం ఆమె పని. అయితే అది సగం కొలతే. నక్షత్రం ఎంత పెద్దదో తెలిస్తే తప్ప దాని ముందు నడిచిన గ్రహం ఎంతో తేలదు. ఆ నక్షత్రాన్ని కొలవడం మాస్టారి పని. వాళ్ళు ముద్దుగా బుడ్డోడని పిలుచుకున్న ఒక ఎర్రటి నక్షత్రం వెలుగు అలా తగ్గి, లేచి, కొన్నాళ్ళకు మళ్ళీ అచ్చం అలాగే తగ్గినప్పుడు ఆమె గదిలో గంతులేసింది. మాస్టారు లెక్క కట్టి, “రాయి! మన భూమిలాంటి గట్టి రాతి గ్రహం!” అంటూ కుర్చీలో కూలబడి ఏడ్చేశారు.

పరిశోధన వ్యాసం మీద ఆయన ఆమె పేరే ముందు పెట్టారు. ఆ విభాగంలో పెద్దవాళ్ళ పేరు ముందుండటం రివాజు. తోటి ఆచార్యులు గొణిగితే, “కనిపెట్టింది పిల్ల. నేను కొలబద్ద పట్టుకున్నాను, అంతే” అని నోరు మూయించారు. ముందున్న ఆ పేరే ఆమెకు ఉద్యోగం తెచ్చింది. ఇవాళ ఆ విభాగానికి ఆమే పెద్ద.

పదవీ విరమణ తర్వాత మాస్టారికి ఆ రాతి గ్రహమే లోకమైపోయింది. అసలే నోట్లో నువ్వుగింజ నానని మనిషి! కూరగాయలమ్మే ఆవిడకు చెప్పారు, క్షవరం చేసే అబ్బాయికి చెప్పారు, మోకాలు చూసే డాక్టరుకు నొప్పి సంగతి మానేసి గ్రహం సంగతి చెప్పారు.

అలాంటి గ్రహానికే వచ్చింది ముప్పు. అంతరిక్షం నుంచి నక్షత్రాల దూరాలను కొత్తగా కొలిచారు. మాస్టారు అనుకున్నదానికన్నా బుడ్డోడు చాలా దూరాన ఉన్నాడు. అంత దూరం నుంచి ఇంత వెలుగు వస్తోందంటే వాడు అంత బుడ్డోడేమీ కాదు. నక్షత్రం ఒళ్ళు చేస్తే గ్రహమూ ఒళ్ళు చెయ్యాల్సిందే కదా. అంత లావు గ్రహం గట్టి రాయి అయ్యే అవకాశం లేదు, చుట్టూ మందంగా వాయువు కప్పుకుని ఉండాలి. ఆమె సవరణ వ్యాసం రాసింది. కిందా మీదా పడి ఆలోచించి, దాని మీద తన పేరొక్కటే పెట్టింది. పండుటాకులాంటి మనిషి పేరు తప్పు పక్కన ఎందుకు? కానీ ఎవరి నోటో వినేకన్నా తనే చెప్పాలి కదా. తట్టుకుంటారా, కుంగిపోతారా అన్న భయంతోనే ఆయన ఇంటికి వెళ్ళింది.

తలుపు తీసిన మాస్టారి కూతురు, “రా అక్కా! నాన్నా, మీ గ్రహం తాలూకు మనిషొచ్చింది!” అని లోపలికి కేకేసింది.

ఆమె మోకాలు ఎలా ఉందని అడిగింది. వానల గురించి మాట్లాడింది. మాస్టారు కళ్ళజోడు మీద నుంచి చూశారు.

“నీళ్ళు నమలకు అమ్మడూ. ఏమైంది?”

చెప్పేసింది. టీ తెచ్చిన కూతురు గుమ్మంలోనే నిలబడిపోయింది.

“వెలుగు తగ్గిన లెక్క ఏమైనా మారిందా?” అడిగారు మాస్టారు.

“లేదు మాస్టారూ.”

“అయితే నీ పని సరిగ్గానే ఉంది. తప్పింది నా కొలబద్ద.” కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “రాయి కాదన్నమాట... ఆ క్షవరం అబ్బాయికి మళ్ళీ మొదటినుంచీ చెప్పుకోవాలి, ఖర్మ! ఏదీ, రాసింది చూపించు.”

ఆమె ల్యాప్‌టాప్ తెరిచింది. మొదటి పేజీ చూడగానే ఆయన మొహం ఎర్రబడింది.

“నా పేరేదీ?”

“అది కాదు మాస్టారూ, ఈ వయసులో మీకెందుకని...”

“ఈ వయసుకేమొచ్చింది? తప్పు చేసింది నేను, తల దించుకోవడానికి నువ్వా? కందకు లేని దురద కత్తిపీటకెందుకు?” కోపం కాదది, నిజంగానే నొచ్చుకున్నారు. “ఆ రోజు మెచ్చుకోళ్ళకి నిన్ను ముందు నిలబెట్టాను. ఇవాళ చివాట్లకి నేను ముందుంటాను. నా పేరు పైన పెట్టు. నువ్వు నా వెనక ఉండు.”

ఆమెకు ఏడుపు ఆగలేదు. ఏడుస్తూనే ఆయన పేరు కొట్టడం మొదలుపెట్టింది. మాస్టారు కుర్చీ దగ్గరకు జరుపుకుని, ఒకప్పుడు ఆ మేడగదిలో చేసినట్టే, ఆమె భుజం మీదుగా తెరలోకి తొంగిచూశారు.

“అక్షరం తప్పు పోకుండా కొట్టు అమ్మడూ. నాకు ఒక్క తప్పు చాలు.”