టీచరమ్మ చెప్పిన వేలు

ఎనభైల మొదట్లో నేను వరంగల్‌లో ఒక దవాఖానలో సర్జరీ నేర్చుకుంటున్నాను. నేర్చుకోవడమంటే మా పెద్ద డాక్టరు గారి వెనక నిలబడి, ఆయన ఏమన్నా తల ఊపడం. తెగిన నరాలు కుట్టడంలో ఆయనకు తిరుగులేదు. ఆ మాట ఆయనే చెప్పేవారు. కుట్టించుకుని వెళ్లి మళ్లీ కనబడనివాళ్లంతా పూర్తిగా బాగుపడ్డారని ఆయన నమ్మకం.

నరం లోపల సన్నని పోగుల కట్టలుంటాయి. కొన్ని కండరాలకు కదలమన్న ఆజ్ఞ మోస్తాయి, కొన్ని చర్మం నుంచి స్పర్శ కబురు తెస్తాయి. తెగిన కొసలను కలిపేటప్పుడు ఏ కట్టను ఆ కట్టకే కుట్టాలి. తారుమారైతే ఆజ్ఞ చర్మం దగ్గరికి చేరి ఏం చేయాలో తోచక కూర్చుంటుంది. చిక్కేమిటంటే, కంటికి అన్నీ ఒకే తెలుపు. మా సారుకు మాత్రం తేడా కనబడేది. ఎలాగని అడిగే ధైర్యం మాకెవరికీ లేదు.

ఒక రోజు వర్ధన్నపేట నుంచి ఒక టీచరమ్మ వచ్చారు. ముందురోజు బడి కిటికీ మూస్తుంటే అద్దం పగిలి, కుడి మణికట్టు చిటికెన వేలి వైపు లోతుగా తెగింది. ఆ వేలికి స్పర్శ లేదు. వేళ్లు ఎడంగా చాపడం రావట్లేదు.

రోగిని మెలకువగా ఉంచి, పోగులకు సన్నని కరెంటు తాకించి తేడా పట్టవచ్చని నేను అప్పుడే లైబ్రరీలో చదివాను. మోచేతి వైపున్న పైకొసలో స్పర్శ కట్టను తాకితే రోగికి వేలు జుమ్మంటుంది. వేళ్ల వైపున్న కింది కొసలో కదలిక కట్టను తాకితే కండరం అదురుతుంది, అదీ తెగిన రెండు మూడు రోజుల్లోపే. చదివింది ఒక్క వ్యాసమే అయినా, పండితుడి మొహం పెట్టుకుని సారుకు చెప్పాను.

"కరెంటెందుకయ్యా? ఇరవై ఏండ్ల సంది నా కండ్లతోనే చేస్తాన. నీకేంది ఫికర్?" అన్నారాయన.

మంచం మీది టీచరమ్మ విన్నారు. "జర చూడనియ్యుండ్రి సారూ. చెయ్యి నాది గదా," అన్నారు.

ఆ మాట కాదనలేక సారు ఊఁ అన్నారు. కరెంటు మిషను కాలేజీలో కప్ప కాళ్లు ఎగిరించే ల్యాబులో దొరికింది. మనిషికి వాడతామంటే వాళ్లు అనుమానంగా చూసి, మిషను పాడుచేయబోమని నాతో సంతకం పెట్టించుకున్నారు.

చర్మానికి మాత్రమే మత్తిచ్చి గాయం తెరిచాం. సారు పైకొసలో ఒక కట్టను చూపించి, "గిది కదలికది, రాసుకో," అన్నారు. నేను దానికే తీగ తాకించాను.

"చిటికెన వేలు జుమ్మంటాంది," అన్నారు టీచరమ్మ తెర అవతలి నుంచి.

"జుమ్మనేది వేలు గాకపోవచ్చు, మంచిగ చూడమ్మా," అన్నారు సారు.

"నా వేలు నాకెర్క లేదా సారూ? చిటికెనదే. మళ్ల పెట్టుండ్రి."

మళ్లీ పెట్టాను. మళ్లీ చిటికెన వేలే. పక్క కట్టను తాకితే, "లోపలెక్కడనో సలుపుతాంది, వేలికైతే ఏం తెలుస్తలేదు," అన్నారు. కదలికది అదే. కింది కొసలో వెతుకుతుంటే, ఒక కట్ట దగ్గర బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండరం టక్కున అదిరింది. కింద కదలికది అదేనని గుర్తు పెట్టాను.

సారు వంగి ఆ కట్టలను మళ్లీ చూశారు. ఆయన దేన్నైనా రెండోసారి చూడడం ఎప్పుడూ ఎరగని నర్సమ్మ, ఒంట్లో బాగోలేదేమోనని బీపీ మిషను కోసం చూసింది. చివరికి ఆయన, "నేను గూడ గదే అంటాన గదా," అన్నారు.

ఆ తర్వాత రెండు గంటలు తల ఎత్తకుండా, జోడీ తప్పకుండా కుట్టారు. ఆ పనితనానికి మాత్రం వంక పెట్టలేను. కొన్నాళ్లకు డాక్టర్ల సభలో 'నా పద్ధతి' అని ఉపన్యసించారు. స్లైడ్లు మార్చే గౌరవం నాకు దక్కింది.

టీచరమ్మ ఏడాదికి పైగా వచ్చి చూపించుకున్నారు. వేళ్లు ఎడంగా చాపగలిగారు. చిటికెన వేలి కొసకు మాత్రం వేడీ చల్లదనం సరిగా తెలిసేవి కావు. చివరిసారి వచ్చినప్పుడు, చర్చిలో మళ్లీ హార్మోనియం వాయిస్తున్నానని చెప్పారు.

"మునుపటంత మంచిగ వస్తాందా?" అని అడిగాను.

"మునుపు గూడ మంచిగ రాకపోయేది సారూ. టీచరమ్మనని ఎవ్వలు చెప్పలే," అన్నారు.