చెరిగిన ముగ్గు

1987 ఎండాకాలం. అంతకుముందు వానలకు ప్రాణహిత పొంగి, సిరోంచలో మా వాడ ఇళ్లు కూలిపోయాయి. మిట్ట మీద కొత్త ఇళ్లకు సర్కారు జాగా చూపింది. నేను మట్టిగోడలు పెట్టే పనిదాన్ని. అప్పటికి నాకు అక్షరం ముక్క రాదు.

ఆ ఇళ్ల ప్లాను గీయడానికి పట్నం కాలేజీ సారొకాయన విద్యార్థులతో వచ్చారు. ప్లాను అంటే పైనుంచి చూసినట్టు గీసిన ఇల్లు. ఆ కాలేజీ పిల్లలు కొందరు స్వీడన్ వెళ్లి, అక్కడి వాళ్లు ఇక్కడికి వచ్చి ఈ చదువు నేర్చుకుంటారట. అలా వచ్చిన అమ్మాయి పేరు అన్నా.

“ఆడపిల్లకు అన్నా అని పేరేందే? నాకున్న అన్నలు సాలరా?” అని రాజవ్వ నవ్వింది.

రాజవ్వ మా వాడలో పెద్దామె. పొద్దు గూకితే చూపు ఆనదు. పక్కింటి సమ్మక్కే చెయ్యి పట్టి తిప్పేది. ఇద్దరిదీ ఒకే పొయ్యి.

సారు కాగితం చూపిస్తే అందరం తలలూపాం. రాజవ్వ ఒక్కతే, “నేను రాను. కిందనే గుడిసె ఏసుకుంట” అంది. ఎందుకో చెప్పలేదు. మళ్లీ నది వస్తే ఈమె గతేమిటని మా దిగులు.

అప్పుడు అన్నా, ప్లానును నేల మీద అసలు కొలతలతో గీద్దామంది. పునాది తవ్వే ముందు సున్నంతో గీతలు పోయడాన్ని మేమూ ముగ్గు పోయడమనే అంటాం. ఇద్దరం కలిసి పోశాం. ఆ రోజు అందరూ ఆ గీతల ఇళ్లలోనే వండుకోవాలని సారు చెప్పారు.

“గోడల్లేని ఇంట్ల కాపురమా? సిగ్గు గాదా?” అంది సమ్మక్క.

“నేను కూటికే వస్తున్న, కాపురానికి గాదు” అంది రాజవ్వ.

సాయంత్రానికి వాళ్లిద్దరి ఇళ్ల మధ్య గీత, పొయ్యి దగ్గరికి అటూ ఇటూ తిరిగిన వాళ్ల కాళ్లకింద పడి చెరిగిపోయింది. మళ్లీ పోద్దామని నేను సున్నం గంప ఎత్తాను.

“వద్దు, అక్కా!” అని వచ్చీరాని తెలుగులో అంటూ అన్నా నా చెయ్యి పట్టుకుంది. చెరిగిన చోటు ముందు కూర్చుని చాలాసేపు చూసింది. ఆ గీత మీద రావాల్సిన గోడను కాగితం మీద గీసింది ఆమే. లేచి, మిగిలిన గీతను తన కాలితోనే తుడిచేసింది. ఇక్కడ గోడ వద్దు, ఇద్దరికీ ఒకే వాకిలి, ఒకే పొయ్యి. అప్పుడు వస్తావా అని రాజవ్వను సారుతో అడిగించింది.



“గింత మాటకు అంత సున్నం ఖరాబ్ చేసినవా, అన్నా?” అంది రాజవ్వ. “పొయ్యి నా దిక్కు జర జరుపు.”

ఆ మిట్ట మట్టితోనే గోడలు పెట్టాం, పైన పెంకులు కప్పాం. సిమెంటు పునాదికే వాడాం. రాజవ్వ చివరిదాకా అక్కడే ఉంది.

నడివయసు దాటాక నేను పలక పట్టాను. తప్పు రాసి తుడిచేటప్పుడు పక్కవాళ్లు సిగ్గుపడేవారు. నాకు మాత్రం సున్నం అంటిన అన్నా పాదం గుర్తొచ్చేది. ఇప్పటికీ ఏ ఇంటి పునాదికైనా ముందు ఆ ఇంటి ఆడవాళ్లను ఒక పూట ముగ్గులో తిరగమంటాను. చెరిగిన చోట గోడ పెట్టను.